షత్రంజ్ బరువెంత?

డోర్నకల్ జంక్షన్‌లో టీ తాగుతూ చనిపోయినవాడి పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. తెల్లచొక్కా మనిషి రైలు కిటికీలోంచి చేయి చాచి కప్పు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. మూడోది గొంతు దిగకముందే సీటు మీద ఒరిగిపోయాడు. టీ పోసినవాడు కెటిల్‌తో సహా మాయమయ్యాడు. రైల్వే పోలీసులు హార్ట్ ఎటాక్ అని రాసుకున్నారు. బ్యూరో మాత్రం సైనైడ్ అని రాసుకుంది.

"పోయినవాడు రక్షణ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్," అన్నాడు చీఫ్.

అది 1987 మే నెల. కాజీపేట స్టేషన్ రిటైరింగ్ రూంలో ఫ్యాను వేడిగాలిని ఇటునుంచి అటు తోస్తోంది. చీఫ్ ఎదురుగా ఏజెంట్ సెవెంటీన్, అసలు పేరు సారంగపాణి, బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు.

"తూర్పు తీరంలో మన రాడార్లకు ఏ దిక్కున చూపు ఆనదో చూపించే నక్షా ఒకటుంది. వాడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి అమ్మేశాడు. అది సముద్రం దాటితే, రేపు శత్రు విమానాలు మనకు కనపడకుండా మన నెత్తిమీదికి వస్తాయి."

"కొన్నదెవరు సార్?"

"హాల్డెన్. పైకి కార్పెట్ల వ్యాపారి. మీ వరంగల్ కొత్తవాడలో నేసినవి కొని విదేశాలకు పంపిస్తుంటాడు. రేపు మధ్యాహ్నం వెళ్లిపోతున్నాడు. రుజువు లేకుండా వాడి మీద చెయ్యి వేశావో, పైనుంచి వచ్చే ఫోన్లకు నువ్వూ నేనూ మిగలం."

"నక్షా ఎక్కడుంది?"

"వీడియో గేమ్‌లో."

సారంగపాణి కనుబొమలు పైకి లేచాయి.

"నవ్వకు. కస్టమ్స్ వాళ్లు ఫ్లాపీ పెట్టి చూస్తారు. గేమ్ వస్తుంది. కాసేపు ఆడుకుని పంపించేస్తారు. దాని కడుపులో నక్షా ఉందని ఎవడికి తెలుస్తుంది? కాబట్టి ఆడొద్దు. సైజు చూడు. ఎంత కుదించినా ఆ నక్షా మూడు లక్షల బైట్లకు తగ్గదని మన టెక్నికల్ వాళ్లు చెప్పారు. ఆటకు తగని బరువు ఏ గేమ్‌లో ఉంటే, సరుకు అందులో ఉన్నట్టు."

"ఏ గేమో తెలిసిందా?"

చీఫ్ ముఖం వెలిగిపోయింది. ఆయనది గుంటూరు, ఉద్యోగమంతా ఢిల్లీ. "ఏజెంట్ లెవెన్ దగ్గర్నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. షత్రంజ్. పదేళ్లు ఢిల్లీ నీళ్లు తాగినవాణ్ని, నాకు తెలియదా? షత్రంజ్ అంటే చెస్! హన్మకొండ చౌరస్తాలో కంప్యూటర్ సెంటర్ నడిపే కిషన్ రావు అని ఒకడున్నాడు. చెస్ గేమ్ రాశాడు. హాల్డెన్‌కు దోస్తు కూడా. రేపు కొత్తవాడ గోడౌన్‌లో హాల్డెన్‌కు సన్మానం. మన స్క్వాడ్ హమాలీల వేషంలో గుమ్మం దగ్గరుంటుంది. నువ్వు ఎవరి భుజం మీద చెయ్యి వేస్తే వాడిని ఎత్తుకెళ్లిపోతారు. ఒక్క ఛాన్సే."

"ఏజెంట్ లెవెన్ అంటే..." సారంగపాణి గొంతు సవరించుకున్నాడు.

"అరుణ. హాల్డెన్ దగ్గర ఇంటర్‌ప్రెటర్. తన మనిషి అని హాల్డెన్ అనుకుంటున్నాడు, మన మనిషి అని మనం అనుకుంటున్నాం. ఎవరి మనిషో పని పూర్తయ్యాక గానీ తేలదు."

ఇక్కడ సారంగపాణి గురించి రెండు ముక్కలు చెప్పాలి. కత్తికి బెదరడు. తుపాకీకి బెదరడు. కానీ అరుణ పేరు వింటే మాత్రం చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాడు. రెండేళ్ల కింద వైజాగ్ పోర్టులో ఇద్దరూ ఒక కంటైనర్ వెనక నక్కి కూర్చున్నప్పుడు ఆమె తన బిస్కెట్‌లో సగం విరిచి అతనికిచ్చింది. ఆ సగం బిస్కెట్ పునాదిగా అతను మనసులో మేడ కట్టుకుంటూనే ఉన్నాడు. ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు.

హన్మకొండ కంప్యూటర్ సెంటర్‌కు అతను సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఫ్లాపీల సేల్స్‌మన్‌గా వెళ్లాడు. అంటించుకున్న మీసం, ఫ్రేములో కెమెరా ఉన్న కళ్లద్దాలు, చొక్కా గుండీలో మైకు. అప్పట్లో కంప్యూటర్ గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. విడిచాడు. తలుపు తోశాడు. ఏసీ చల్లదనం తగిలింది. దాని వెనకే అరుణ నవ్వు వినిపించింది.

చిలకపచ్చ షిఫాన్ చీర, నెత్తిమీదికి నెట్టిన నల్లద్దాలు. స్క్రీన్ ముందు కిషన్ రావు పక్కన కూర్చుని, కుర్చీ ఆనుకుని నవ్వుతోంది. కిషన్ రావు పొడుగ్గా, ఎర్రగా ఉన్నాడు. గుబురు జుట్టు. సారంగపాణి చేయి తెలియకుండానే తన పలచబడ్డ నుదుటి మీదికి పోయింది.

"సైజ్ ఎంతనుకున్నరు మేడం?" కిషన్ రావు ఫ్లాపీలో ఉన్నవాటి పేర్లూ సైజులూ చూపించే డిఐఆర్ అనే మాట కీబోర్డు మీద కొట్టాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు వరసగా వచ్చాయి. "చూడుర్రి. పంతొమ్మిది కే! మొత్తం చెస్!"

"అయితే ఏందట?" అన్నాడు సేల్స్‌మన్ సారంగపాణి. అడిగిన తీరులో వ్యాపారం కంటే పుల్లదనం ఎక్కువుంది.

కిషన్ రావు పట్టించుకోలేదు. తన గేముల గురించి ఎవరడిగినా అతనికి పండగే. "అన్నా, గేమ్ సైజు చూస్తె రాసినోని సంగతంత తెలుస్తది. బొమ్మలెక్కువ వెడ్తే ఉబ్బుతది. చేతగానోడు రాసినా ఉబ్బుతది, చెప్పిందే పదిసార్ల చెప్తడు గద. చెస్‌ల ఆరు తీర్ల బొమ్మలే ఉంటయి. మిగిలిందంత ఆలోచన. ఆలోచనకు చోటేం పట్టది."

"అబ్బ! ఎంత మంచి మాట చెప్పిండ్రు!" అరుణ చప్పట్లు కొట్టింది.

సారంగపాణి లోపల ఏదో భగ్గుమంది. పంతొమ్మిది కిలోబైట్లకు ఇంత నవ్వా? ఇన్ని చప్పట్లా? వైజాగ్‌లో తను ముగ్గురిని ఒంటిచేత్తో పడగొడితే ఈవిడ గడియారం చూసుకుని 'ఇగ పోదామా' అంది. ఏ కోశానా చప్పట్లు లేవు. ఆ జుట్టులో ఏముంది, ఆ మాటల్లో ఏముంది, ఉబ్బుతది ఉబ్బుతది అనడం తప్ప!

బుర్ర మాత్రం తన పని తను చేసుకుపోయింది. పంతొమ్మిది వేల బైట్లలో మూడు లక్షల నక్షా ఎలా పడుతుంది? పట్టదు. కాబట్టి ఈ చెస్‌లో సరుకు లేదు. అంతే. అది మూడో తరగతి లెక్క. కానీ అసూయ తగులుకున్న మనిషికి లెక్కలు మరోలా వస్తాయి. ఇది మనకు చూపించడానికి పెట్టిన ఫ్లాపీ, అసలుది వీడు ఎక్కడో దాచాడు అని సారంగపాణి తీర్మానించుకున్నాడు. తీర్మానించుకోగానే ప్రాణం హాయిగా ఉంది. రేపు ఆ ఎర్రటి మనిషి భుజం మీద చెయ్యి పడుతుంది, హమాలీలు గోతం కట్టినట్టు కట్టి తీసుకుపోతారు.

అరుణ బయటికి వచ్చింది. సారంగపాణి వెనకే వచ్చాడు. చెప్పులు వేసుకుంటూ, గాలితో మాట్లాడినట్టు అడిగింది. "జర దస్తీ ఉన్నదా?"

చేతిరుమాలు అడగడం కోడ్. "ఎర్రది ఒక్కటే ఉన్నది," అన్నాడు సారంగపాణి.

"మెసేజ్ అందిందా?"

"అందింది."

"సమజైందా మరి?"

"కొత్తవాడల పుట్టినోన్ని. నాకు సమజ్ కాదా?"

"నువ్వస్తానవని తెలిసే ఫికర్ లేకుండ గా ఒక్క మాట పంపిన." ఆమె గొంతులో నిజంగానే నెమ్మది వినిపించింది. "రేపు నేను ఫ్లాపీని..."

"వానితోని గంత నవ్వుడెందుకు?"

ఆమె చెప్పు పట్టీ పెట్టుకుంటూ ఆగిపోయింది. "ఏందీ?"

"అదే, లోపట."

"పని గద!"

"పనిల గట్ల చప్పట్లు గూడ కొడ్తరా?"

వీధిలో హాల్డెన్ కారు హారన్ మోగింది. అరుణ అతని వంక ఒక చూపు చూసింది. ఆ చూపును తర్జుమా చేస్తే ఇక్కడ రాయడానికి వీలుండదు. నల్లద్దాలు దించుకుని కారెక్కిపోయింది. దేశభద్రత గురించి మాట్లాడుకోవడానికి దొరికిన ఆ ఒక్క నిమిషాన్ని ఏజెంట్ సెవెంటీన్ చప్పట్ల మీద ఖర్చు పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం కొత్తవాడ గోడౌన్‌లో గోడల పొడుగునా కొత్త సరుకు దొంతరలుగా పేర్చి ఉంది. రంగునూలు వాసన. మధ్యలో ఎరుపూ నీలమూ చారలున్న పెద్ద కార్పెట్ ఒకటి పరిచి, దాని మీద బల్లవేసి, కిషన్ రావు తెచ్చిన కంప్యూటర్ పెట్టారు. నేతవాళ్లంతా గుమిగూడారు. సొసైటీలో అందరికంటే పెద్దది మొగిలమ్మ. సరుకు దగ్గరికి ఎవరొచ్చినా ఆవిడ కన్ను వాళ్ల కాళ్ల మీదే ఉంటుంది.

హాల్డెన్ మెడలో పూలదండతో చిరునవ్వు నవ్వుతున్నాడు. తెల్ల సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు. పక్కన అరుణ. గుమ్మం దగ్గర హమాలీలు బీడీలు తాగుతూ నిలబడ్డారు. బయట కారు ఇంజన్ ఆడుతూనే ఉంది.

కిషన్ రావు చెస్ ఆడి చూపించాడు. జనం చప్పట్లు. అరుణ కూడా కొట్టింది. నిన్నటి సేల్స్‌మన్ వేషంలోనే వచ్చిన సారంగపాణి చూశాడు. ఆ రెండు చేతుల చప్పుడే అతనికి విడిగా వినిపించింది. ఇక ఆగలేకపోయాడు. జనంలోంచి జరిగి బల్ల దగ్గరికి నడిచాడు. కిషన్ రావు వెనక్కి చేరి కుడిచేయి పైకెత్తాడు. హమాలీలు బీడీలు పారేశారు. సారంగపాణి గుండెలో ఉన్నదంతా ఆనందమే. దాంట్లో దేశం వాటా ఎంతో అడిగితే అతను చెప్పలేకపోయేవాడు.

"ఓ బిడ్డా!" అని మొగిలమ్మ కేక వేసింది. "కొత్త షత్రంజీ మీద చెప్పులతోని ఎక్కినవేంది? కండ్లు కనవడ్తలెవ్వా? దిగు!"

చేయి గాలిలోనే ఆగిపోయింది.

షత్రంజీ! తను పుట్టింది షత్రంజీ మీద. పాకింది దాని మీద. వాళ్ల నాన్న మగ్గం మీద నేసింది అదే. కార్పెట్లు, దర్రీలు అని బయటి ఊళ్లవాళ్లు వంద పేర్లు పెట్టుకోనీ, కొత్తవాడలో పరుచుకునేదానికి షత్రంజీ అనే పేరు. డోర్నకల్‌లో పెరిగిన అరుణకు కూడా అదే పేరు తెలుసు. కొత్తవాడ వాడు కాబట్టి నీకు తెలుస్తుందని పంపింది. తనేమో గుంటూరు ఆయన ఢిల్లీ హిందీని నమ్మాడు. నమ్మడం అతనికి అంత ఇష్టంగా ఉండింది మరి! అంటే సరుకు ఉన్నది చెస్‌లో కాదు, షత్రంజీ పేరున్న ఇంకో గేమ్‌లో.

అతను అరుణ వైపు చూశాడు. ఇప్పుడా తెలివి వచ్చింది అన్నట్టు ఆమె కళ్లు మండుతున్నాయి.

సారంగపాణి చెప్పులు విడిచాడు. ఎత్తిన చేత్తో మీసం సవరించుకుని, "అన్నా," అన్నాడు కిషన్ రావుతో, "హాల్డెన్ సార్ కంపెనీకి ఇంకో గేమ్ రాసిచ్చిండ్రట గద?"

"షత్రంజీ గేమా? అవును!" కిషన్ రావు ముఖం విప్పారింది. "వాళ్ల కస్టమర్లకు గిఫ్ట్ ఇస్తరట. ఆడేటోడు ఒక్క మూల నేస్తె చాలు, మిగిలిన మూడు మూలలు మిషనే నేస్తది. అన్ని మూలలు ఒక్కతీరే ఉంటయి గద, ఒక్కదానికే చోటు పడ్తది. అందుకే పద్నాలుగు కే! చెస్ కంటె చిన్నది!"

"ఫ్లాపీ సార్ దగ్గర్నే ఉన్నదట. జర వీళ్లకు గూడ చూపియ్యరాదు?"

నేతవాళ్లలో సందడి మొదలైంది. తమ షత్రంజీ కంప్యూటర్‌లో ఎలా ఉంటుందో అందరికీ చూడాలని ఉంది. హాల్డెన్ ఇంగ్లీషులో, టైం లేదన్నాడు. కాదంటే వీళ్లు నొచ్చుకుంటారు, అనుమానపడతారు, ఉత్త గేమే కదా సార్ అని అరుణ అతని చెవిలో చెప్పింది. చెబుతూనే బ్రీఫ్‌కేసు తెరిచి ఫ్లాపీ తీసి కిషన్ రావు చేతిలో పెట్టింది. హాల్డెన్ భుజాలెగరేశాడు. కస్టమ్స్ వాళ్ల కోసం కట్టిన వేషం నేతవాళ్ల ముందు నిలబడదా అనుకుని ఉంటాడు.

డ్రైవ్ ఎర్రదీపం వెలిగింది. గరగర మంటూ చాలాసేపు తిరిగింది.

"ఇంతసేపెందుకు?" కిషన్ రావు గొణిగాడు.

చివరికి ఆట వచ్చింది. ఒక మూల చారలు అల్లితే మిగతా మూడు మూలలూ వాటంతట అవే అల్లుకున్నాయి. జనం ఈలలు వేశారు. హాల్డెన్ వాచీ చూసుకుని ఫ్లాపీ కోసం చేయి చాచాడు. అయితే కిషన్ రావు ఇవ్వలేదు. తన గేమ్ నిదానంగా ఎక్కడం అతనికి పదిమందిలో తలవంపుగా ఉంది. ఆటలోంచి బయటికి వచ్చి డిఐఆర్ కొట్టాడు.

స్క్రీన్ మీద ఒక్క గేమ్ పేరే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో షత్రంజ్. దాని పక్కన మూడు లక్షల నలభై ఒక్క వేల చిల్లర.

"చివర ఐ లేదేందన్నా?" సారంగపాణి నెమ్మదిగా అడిగాడు. "షత్రంజీ గద."

"మిషన్ల పేరుకు ఎనిమిది అక్షరాలే పడ్తయి. తొమ్మిదోది కోసేస్తది. అదేం ముచ్చటన్నా, గిది చూడు!" కిషన్ రావు లేచి నిలబడ్డాడు. ముఖం కందిపోయింది. "మూడు లక్షల నలభైవేలా! నాదా గిది? నేనిచ్చింది పద్నాలుగు కే! ఎవడు మేపిండు దీన్ని? దీన్ల ఏం కుక్కిండ్రు?"

గోడౌన్ మొత్తం వినబడేలా అరిచాడు. ఇంగ్లీషే తెలిసిన హాల్డెన్‌కు కూడా ఆ అంకెలు అర్థమయ్యాయి. మరుక్షణం అతని చేతిలో పిస్టల్ కిషన్ రావు మెడకు ఆనింది. రెండో చేత్తో డ్రైవ్‌లోంచి ఫ్లాపీ లాగేశాడు.

"ఎవరూ కదలొద్దు. అరుణా, కవర్ చెయ్!" అని ఇంగ్లీషులో అరిచాడు.

అరుణ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న రివాల్వర్ తీసింది. గురి సారంగపాణి గుండెకు పెట్టింది. హమాలీలు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు.

హాల్డెన్ కిషన్ రావును అడ్డం పెట్టుకుని షత్రంజీ మీదుగా వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. కారు గుమ్మంలోనే ఉంది. అది కదిలిందంటే నక్షా పోయినట్టే. పిస్టల్ పేలిందంటే కిషన్ రావు పోయినట్టే. ఈ రెండో సంగతి తట్టినప్పుడు సారంగపాణి మనసులో ఒక్క రెప్పపాటు ఏం మెదిలిందో అతను రిపోర్టులో రాయలేదు. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ అమ్మాయి ఎవరి మనిషో అన్న దిగులు దాన్ని మించి వేసింది.

అరుణ గురి తప్పకుండా, గొంతు మారకుండా, తిడుతున్నట్టు అంది. "గట్ల గుడ్లప్పగించి నిలవడ్డవేంది? చెప్పులైతె విడిసినవ్. నీ కాళ్లకాడ షత్రంజీ అంచు ముడత వడ్డది. వంగి జర గట్టిగ గుంజరాదు!"

ఆ మాటల్లో హాల్డెన్‌కు ఒక్కటీ అర్థం కాలేదు. బెదిరిస్తోంది కాబోలు అని మెచ్చుకోలుగా తలూపాడు.

సారంగపాణి వంగాడు. ఎరుపు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. అతని తాత, తండ్రి మగ్గం గుంజిన బలమంతా తెచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు.

హాల్డెన్ కాళ్లు గాలిలోకి లేచాయి. పిస్టల్ పేలి పైకప్పు రేకులో బెజ్జం పడింది. కిషన్ రావు ఒకవైపు పడ్డాడు, కంప్యూటర్ ఒకవైపు పడింది. పడుతూనే హాల్డెన్ ఫ్లాపీని గుమ్మం వైపు విసిరాడు. కారు డ్రైవర్ దాన్ని గాలిలో అందుకుని సీట్లోకి దూకాడు. కారు కదిలింది. మలుపు తిరగబోతోంది. అరుణ చిలకపచ్చ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, గుమ్మంలోకి పరుగెత్తి, రెండో చేత్తో ఒక్కసారి కాల్చింది. వెనక టైరు పేలింది. కారు వంకరగా పోయి రంగునూలు బండిని గుద్దుకుని ఆగింది. డ్రైవర్ నిలువెల్లా పసుపు నూలు చుట్టుకుని దిగాడు. హమాలీలు అతన్ని అలాగే ఎత్తుకున్నారు.

సారంగపాణి లేవబోతున్న హాల్డెన్ భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగానే వేశాడు. మీసం అప్పటికే ఊడి పెదవి మీద వేలాడుతోంది.

మొగిలమ్మ దగ్గరికి వచ్చి ఆ ముఖంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు మన నేతోళ్ల పోరనివే. అందుకే గంత మంచిగ గుంజినవ్," అని, షత్రంజీ చిరిగిందేమో వెతుక్కోవడానికి కూర్చుంది.

సాయంత్రానికి చీఫ్ వచ్చాడు. ఫ్లాపీ జేబులో వేసుకున్నాడు. "షత్రంజ్ అంటే చెస్ కూడా," అని రెండుసార్లు అన్నాడు.

గోడౌన్ అరుగు మీద కిషన్ రావు మోచేయి చాపి కూర్చున్నాడు. చర్మం దోక్కుపోయింది. అరుణ దూదితో తుడిచి, మంట పుట్టకుండా ఊదుతోంది. సారంగపాణికి మోకాలు వాచింది, నడుం పట్టేసింది. ఊదడానికి ఎవరూ లేరు. అతను ఆ అరుగు వైపు చూడకూడదని చూస్తూ నిలబడ్డాడు. నిన్న పట్టించాలనుకున్నవాడిని ఇవాళ కాపాడాడు. మంచిపనే. అయితే మంచిపని చేశాక కడుపులో చల్లగా ఉండాలి కదా, ఈ మంట ఏమిటో అతనికి బాగానే తెలుసు.

"సెవెంటీన్," అన్నాడు చీఫ్, "ఆ కిషన్ రావు సంగతి ఆలోచించాను. సైజు చూసి దొంగసరుకు పట్టగల మనిషి మనకు కావాలి. బ్యూరోలోకి తీసుకుంటున్నా. ఆర్నెల్లు అరుణ దగ్గర ట్రైనింగ్. నీకేమన్నా అభ్యంతరమా?"

అరుగు మీంచి అరుణ నవ్వు వినిపించింది. సారంగపాణి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ఏమీ లేదు సార్. చాలా మంచి మనిషి. తెలివైనవాడు. ఒకటే అనుకుంటున్నా, లక్షద్వీప్‌లో మనకు కంప్యూటర్ తెలిసినవాడు ఒక్కడూ లేడు."

"లక్షద్వీప్‌లో మనకు ఆఫీసే లేదయ్యా!"

"పెడితే బాగుంటుంది సార్."